టీకా తర్వాత ఏం జరిగిందో చెప్పండి

(తల్లిదండ్రులు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు హాజరైన సభలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే.

టీకా వేసిన తర్వాత ఎవరికైనా ఇబ్బంది వస్తే దాని మీద ఒక రిపోర్టు రాస్తారు. రాయాలి. ఆ రిపోర్టులు చదివేవాళ్లలో నేనొకదాన్ని. ఎవరికి వచ్చింది, ఏ టీకా, ఎప్పుడు వేశారు, ఎన్ని గంటల తర్వాత మొదలైంది, ఇప్పుడెలా ఉన్నారు, ఇలాంటిదే ఇంకెక్కడైనా వచ్చిందా... రోజూ ఇదే నా పని.

వచ్చిన రిపోర్టుల కంటే రాని రిపోర్టులే నన్ను ఎక్కువ బాధపెడతాయి. ఇబ్బంది వచ్చింది. ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టాలకు తెలుసు. ఫోన్లలో వందమందికి చేరింది. చెప్పాల్సిన చోట మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే రెండు జవాబులు వస్తాయి. "చెబితే టీకాకు చెడ్డపేరు వస్తుందేమో, మమ్మల్ని టీకాలకు వ్యతిరేకులంటారేమో" అని కొందరు. "చెప్పినా ఎవరు వింటారండీ" అని కొందరు. నేను టీకాలు కావాలనే మనిషిని. నా పిల్లలకు అన్నీ వేయించాను. అలాంటి మనిషిగానే చెబుతున్నాను, టీకాలు కావాలనుకునేవాళ్లే అందరికంటే ముందు చెప్పాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు, ఏది మామూలు, ఏది కాదు అన్నది చూద్దాం. అది తెలియకపోతే అనవసరంగా టెన్షన్ పడతాం, లేదా అవసరమైనప్పుడు ఊరుకుంటాం.

టీకా వేస్తే జ్వరం ఎందుకు వస్తుంది? లోపలికి వచ్చింది తనది కాదని శరీరం గుర్తుపడుతుంది. సూది గుచ్చిన చోటికి రక్షణ కణాలు చేరతాయి, కొన్ని రసాయనాలు వదులుతాయి. అక్కడ నొప్పి, ఎరుపు, వాపు వచ్చేది వాటివల్లే. ఆ రసాయనాలే రక్తంలో తిరిగి మెదడుకు కబురందిస్తే జ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం. చాలా టీకాలకు ఇవి మొదటి రోజో రెండో రోజో వచ్చి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. చంక కింద గడ్డలా తగలొచ్చు. చెయ్యి ఎత్తడం కష్టంగా ఉండొచ్చు. అయితే జ్వరం రానివాళ్లకు టీకా పనిచేయలేదా? పనిచేస్తుంది. జ్వరం వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి టీకా పనితనాన్ని కొలవొద్దు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అన్ని టీకాలూ ఒకే గడువులో స్పందన చూపించవు. తట్టు టీకా తీసుకోండి. అందులో ఉండేది బతికున్న వైరసే, బాగా బలహీనపరిచినది. అది ఒంట్లో కొంత పెరగాలి. అందుకే జ్వరం ఆ రాత్రి రాదు, 5 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది. కొందరికి సన్నటి దద్దు కూడా వస్తుంది. తల్లి ఏమనుకుంటుంది? టీకా వేసి వారం దాటింది కదా, ఇది వేరే ఏదో అనుకుంటుంది. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాకు ఇంకా ఆలస్యం. రెండు వారాల తర్వాతెప్పుడో చిన్న పొక్కులా లేస్తుంది, పుండవుతుంది, నెమ్మదిగా మాని మచ్చ పడుతుంది. నెలల వ్యవహారం అది. దాన్ని నొక్కొద్దు, పిండొద్దు, మందులు పూయొద్దు. అదే చంకలో గడ్డ బాగా పెరిగినా, చీము పట్టినా చూపించాలి. కాబట్టి టీకా వేయించుకున్నప్పుడు నర్సును ఒక్క ప్రశ్న అడగండి: "దీనికి ఏం రావచ్చు, ఎప్పుడు రావచ్చు?" సిస్టర్లూ, వాళ్లు అడగకపోయినా మీరు చెప్పండి. ఎంత రద్దీలో ఉన్నా చెప్పండి. ముందే తెలిసిన జ్వరానికి ఎవరూ బెదిరిపోరు.

ఇంట్లో ఏం చేయాలి? సూది గుచ్చిన చోట తడిగుడ్డ చల్లగా వేయండి. రుద్దొద్దు. పెద్దవాళ్లయితే చెయ్యి కదుపుతూ ఉండండి, కదపకుండా ఉంచితే ఇంకా బిగుసుకుపోతుంది. నీళ్లు బాగా తాగండి. చంటిబిడ్డకు తల్లిపాలు మామూలుగా కంటే ఎక్కువసార్లు పట్టండి. జ్వరమని దుప్పట్లు చుట్టొద్దు, పల్చటి బట్టలు వేయండి.

పారాసిటమాల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లు జరిగేది ఇక్కడే. జ్వరం వచ్చి బిడ్డ చికాకు పడుతుంటే వేయండి, తప్పు లేదు. రాకముందే, రాకూడదని వేయొచ్చా? మామూలుగా వద్దు. 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, టీకాతో పాటు ముందే పారాసిటమాల్ వేసిన పసిపిల్లలకు జ్వరం తక్కువ వచ్చింది, కానీ కొన్ని టీకాలకు యాంటీబాడీలు, అంటే రోగక్రిములతో పోరాడే పదార్థాలు, కూడా తక్కువ తయారయ్యాయి. మెదడు పొరల వాపు రాకుండా వేసే మెనింజైటిస్ బీ టీకా లాంటి ఒకటి రెండు సందర్భాల్లో డాక్టర్లే ముందుగా వేయమంటారు, అప్పుడు వాళ్లు చెప్పినట్టు చేయండి. డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి చూడాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మళ్లీ వేయాలంటే కనీసం 4 గంటలు ఆగాలి, రోజు మొత్తంలో నాలుగుసార్లకు మించకూడదు. ఇంకో ముఖ్యమైన విషయం, చుక్కల మందు, సిరప్ ఒకటి కాదు. చుక్కల మందు చాలా చిక్కగా ఉంటుంది. సిరప్ వేసినన్ని మిల్లీలీటర్లు చుక్కల మందు వేస్తే డోసు కొన్ని రెట్లు ఎక్కువైపోతుంది. సీసా మీద ఒక మిల్లీలీటరులో ఎంత మందుందో చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వొద్దు, అది కాలేయానికీ మెదడుకూ ప్రమాదం తేవచ్చు. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే, అది టీకా వల్లే అనిపించినా సరే, డాక్టరును అడగండి. ఆ వయసులో జ్వరానికి వేరే కారణం ఉంటే ఆలస్యం చేయకూడదు.

జ్వరంలో ఫిట్స్. ఈ మాట వింటేనే తల్లిదండ్రులు వణికిపోతారు, చూసినవాళ్లయితే ఎప్పటికీ మరిచిపోరు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపిన టీకా తర్వాత సుమారు 3,000 నుంచి 4,000 డోసులకు ఒకసారి ఇలా జరగొచ్చు, ఎక్కువగా రెండో వారంలో. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. నీళ్లు పోయొద్దు, చెంచా పెట్టొద్దు, వేలు పెట్టొద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. గడియారం చూడండి. చాలావరకు 5 నిమిషాల్లోపే ఆగిపోతాయి. దాటితే వెంటనే అత్యవసర వైద్యం కావాలి. ఆగిపోయినా డాక్టరుకు చూపించండి. జ్వరంతో కొద్దిసేపు వచ్చే ఈ ఫిట్స్ వల్ల మెదడు దెబ్బతినదు. ఆ సమయంలో ఈ మాట గుర్తుండదని తెలుసు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

ఇక మొదటి అరగంట గురించి. టీకా వేశాక కూర్చోమంటారు కదా. చాలామంది పని ఉందని లేచి వెళ్లిపోతారు. వెళ్లొద్దు. ఆ అరగంటలో రెండు రకాల సంఘటనలు జరగొచ్చు, చూడటానికి కొంత ఒకేలా ఉంటాయి, చికిత్స మాత్రం పూర్తిగా వేరు. సిస్టర్లు దయచేసి ఇది శ్రద్ధగా వినండి.

ఒకటి, కళ్లు తిరిగి పడిపోవడం. యుక్తవయసు పిల్లల్లో ఎక్కువ. సూది చూస్తుండగానే, లేదా వేసిన నిమిషాల్లోనే ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే తేరుకుంటారు. ఇక్కడ ప్రమాదం పడినప్పుడు తలకు తగిలే దెబ్బే. అందుకే కూర్చోబెట్టి, అవసరమైతే పడుకోబెట్టి వేయాలి.

రెండోది అనాఫిలాక్సిస్, అంటే ఒళ్లంతటికీ ఒక్కసారిగా వచ్చే తీవ్రమైన అలర్జీ. చాలా అరుదు, ఒక పెద్ద అధ్యయనంలో 10 లక్షల డోసులకు ఒకటి కంటే కాస్త ఎక్కువగా తేలింది. కానీ వచ్చినప్పుడు నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఒంటి మీద దద్దుర్లు, పెదాలూ నాలుకా వాపు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, వాంతులు, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం. ఇందులో మొదటి మందు అడ్రినలిన్. తొడ బయటివైపు మధ్యలో, కండరంలోకి. తేరుకోకపోతే 5 నిమిషాలకు మళ్లీ. అలర్జీ మాత్ర ఇచ్చి చూద్దాం, స్టెరాయిడ్ ఇచ్చి చూద్దాం అని ఆగకూడదు. అవి తర్వాత. మనిషిని లేపి నడిపించకూడదు, లేపి నిలబెట్టగానే గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి. తేరుకున్నాక కూడా ఆస్పత్రిలో కొన్ని గంటలు ఉంచాలి, లక్షణాలు మళ్లీ తిరగబెట్టొచ్చు. ఒక మాట అడుగుతాను. మీ కేంద్రంలో అడ్రినలిన్ ఎక్కడుందో, దాని గడువు ఎప్పటివరకో ఇప్పుడు చూడకుండా చెప్పగలరా? చెప్పగలిగితే చాలా సంతోషం. చెప్పలేకపోతే రేపు పొద్దున్నే చూడండి.

తర్వాతి రోజుల్లో దేనికి పరుగెత్తాలి? ప్రతి టీకాకూ వేరువేరుగా ఉంటుంది, అందులో నాలుగు చెబుతాను. పసిపిల్లలకు విరేచనాలు రాకుండా వేసే రోటావైరస్ చుక్కల తర్వాత, ముఖ్యంగా మొదటి వారంలో, బిడ్డ ఉండుండి కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తుంటే, వాంతులవుతుంటే, విరేచనంలో రక్తం కనబడితే, అది పేగు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోవడం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి. ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ రకం కోవిడ్ టీకా తర్వాత, ఎక్కువగా కుర్రాళ్లకు రెండో డోసు అయిన వారంలోపు, ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే గుండె కండరం వాపేమో చూడాలి. ఆస్ట్రాజెనెకా, జాన్సన్ రకం కోవిడ్ టీకాలు వాడిన రోజుల్లో, వాటి తర్వాత నాలుగో రోజు నుంచి కొన్ని వారాలలోపు తగ్గని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కాలు వాపు, విడవని కడుపునొప్పి, చర్మం మీద ఎర్రటి చిన్న చుక్కలు వస్తే రక్తం గడ్డకట్టే సమస్యేమో చూడాల్సి వచ్చేది. ఏ టీకా తర్వాతైనా కాళ్లలో మొదలై పైకి పాకే బలహీనత వస్తే చూపించుకోవాలి. ఇవన్నీ అరుదు. అరుదు అంటే రావని కాదు. వెళ్లినప్పుడు "ఫలానా రోజు ఫలానా టీకా వేయించుకున్నాను" అని డాక్టరు అడగకముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో చికిత్సే మారిపోవచ్చు.

మారిపోయిన ఉదాహరణ ఇప్పుడే చెప్పిన రక్తం గడ్డల సమస్యే. 2021 మార్చిలో ఆస్ట్రియా, నార్వే, జర్మనీల నుంచి వరసగా రిపోర్టులు వచ్చాయి. వయసులో ఉన్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, టీకా తర్వాత మెదడు సిరల్లో గడ్డలు, పైగా ప్లేట్‌లెట్లు తక్కువ. గడ్డ కడితే మామూలుగా హెపారిన్ ఇస్తారు, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు అది. కానీ ఈ రోగుల రక్తంలో కనిపించిన యాంటీబాడీ, హెపారిన్ వికటించినప్పుడు కనిపించే దానికి దగ్గరది. కాబట్టి హెపారిన్ వద్దు, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వండి అని వారాల్లోనే సలహా వెళ్లింది. బ్రిటన్ ఏప్రిల్లో 30 ఏళ్ల లోపువాళ్లకు, మే నెలలో 40 ఏళ్ల లోపువాళ్లకు వేరే టీకా ఇవ్వమంది. మొదట్లో రిపోర్టు రాసిన డాక్టర్లు "కాకతాళీయమేలే" అని వదిలేసి ఉంటే? తర్వాత వచ్చిన రోగులకు తెలియక హెపారిన్ ఎక్కించేవాళ్లు.

ఇంకో ఉదాహరణ. ఇది నాకు చాలా ముఖ్యం, కాస్త నెమ్మదిగా చెబుతాను. అమెరికాలో 1998 ఆగస్టులో రోటాషీల్డ్ అనే రోటావైరస్ టీకాకు అనుమతి వచ్చింది. అంతకుముందు పరీక్షల్లో పేగు దూరుకుపోయిన కేసులు కొద్దిగా కనిపించాయి, కానీ టీకా వల్లో కాదో తేల్చలేనంత తక్కువ. మరి ఎలా తేలింది? అక్కడ 1990 నుంచి వేయర్స్ అనే రిపోర్టుల వ్యవస్థ ఉంది. డాక్టరే కాదు, తల్లయినా, తండ్రయినా, ఎవరైనా అందులో రాయొచ్చు. 1999 జూలై నాటికి అందులో ఇలాంటివి 15 రిపోర్టులు చేరాయి. పదిహేను. అప్పటికి దాదాపు 15 లక్షల డోసులు వేశారు. 15 లక్షల్లో 15 అంటే ఎవరైనా ఏమంటారు? ఇది లెక్కలోకి వస్తుందా అంటారు. అక్కడి ఆరోగ్య అధికారులు అలా అనలేదు. జూలైలోనే టీకా ఆపమన్నారు, పెద్ద అధ్యయనం చేశారు, సంబంధం ఉందని తేలింది, సుమారు 10,000 మంది పిల్లల్లో ఒకరికి. అక్టోబరులో కంపెనీ టీకాను వెనక్కి తీసుకుంది. ఆ 15 మంది పిల్లల్లో 8 మందికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, అందరూ కోలుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. తర్వాత వచ్చిన కొత్త రోటావైరస్ టీకాలు రెండింటినీ, ఒక్కోదాన్ని 60,000 మందికి పైగా పిల్లల మీద పరీక్షించారు, ఈ ఒక్క ప్రమాదాన్ని కనిపెట్టడానికే అంత పెద్ద పరీక్ష. ఇవాళ విరేచనాలతో చనిపోకుండా ఎందరో పిల్లలను కాపాడుతున్నవి ఆ టీకాలే. వాటిలోనూ ఆ ప్రమాదం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది, దేని కోసం చూడాలో ముందే తెలుసు. ఇప్పుడు చెప్పండి, ఆ 15 రిపోర్టులు రాసినవాళ్లు టీకాలకు వ్యతిరేకులా? టీకాలను కాపాడింది వాళ్లు కాదా?

"సరే డాక్టరుగారూ, నాకు వచ్చిందానికి టీకాయే కారణమని మీరు ఒప్పుకుంటారా?" ఇది న్యాయమైన ప్రశ్న, తప్పించుకోను. టీకా తర్వాత వచ్చింది అన్నది ఒక సంగతి, టీకా వల్ల వచ్చింది అన్నది ఇంకో సంగతి. లక్షలమందికి టీకా వేస్తే, వాళ్లలో కొందరికి ఆ వారంలో గుండెపోటు ఎలాగూ వస్తుంది. టీకా వేయకపోయినా వచ్చేది. అది మామూలుగా ఎంతమందికి వస్తుంది, టీకా తర్వాత అంతకంటే ఎక్కువమందికి వస్తోందా అన్నది చూడాలి. అది తేల్చే బాధ్యత మాది. మీది కాదు. రిపోర్టు రాయడానికి మీరు రుజువు తేనక్కరలేదు. అనుమానం చాలు. అందుకే వేయర్స్‌లో ఉన్న అంకె చూపించి "ఇంతమందిని టీకా చంపింది" అని ప్రచారం చేయడం తప్పు. ఆ అంకె అనుమానాల లెక్క, తీర్పుల లెక్క కాదు. దాన్ని అలా వాడితే నిజంగా బాధపడుతున్నవాళ్ల మాటకే విలువ పోతుంది.

టీకా తర్వాత వచ్చే ఇబ్బందులకు కారణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదుగా చూస్తుంది. టీకా స్వభావమే కారణం కావచ్చు. తయారీలో లోపం కావచ్చు. వేయడంలో పొరపాటు కావచ్చు. సూది భయం, ఆందోళన కావచ్చు. కాకతాళీయం కావచ్చు. వీటిలో రెండింటి గురించి కాస్త మాట్లాడతాను.

ఆందోళన. కోవిడ్ టీకా పరీక్షలు 12 కలిపి, 45,000 మందికి పైగా సమాచారం చూస్తే, అసలు టీకా కాకుండా ఉత్త ఉప్పునీరు లాంటిది వేసినవాళ్లలోనూ మొదటి డోసు తర్వాత మూడో వంతు మందికి పైగా తలనొప్పి, అలసట లాంటివి వచ్చాయి. అంటే అబద్ధం చెప్పారా? కాదు. తలనొప్పి నిజంగానే వచ్చింది. భయం, ఎదురుచూపు శరీరంలో నిజమైన మార్పులు తెస్తాయి. 2014లో కొలంబియాలోని ఎల్ కార్మెన్ దె బొలీవార్ అనే పట్టణంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించుకున్న వందలమంది అమ్మాయిలు స్పృహ తప్పారు, కాళ్లు మొద్దుబారాయన్నారు. టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ ఆ పిల్లలను "నటిస్తున్నారు" అన్నట్టు చూస్తే వాళ్లకు తగ్గుతుందా? ఊళ్లో కోపం పెరిగింది, దేశమంతటా ఆ టీకా వేయించుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. డాక్టర్లకు నా మనవి ఇదే. "ఏం లేదు, అంతా నీ మనసులోనే" అనే మాట మనం మానుకోవాలి. కారణం ఏదైనా బాధ బాధే. విని, పరీక్షించి, ఏం తేలిందో చెప్పి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపాలి.

రెండోది, వేయడంలో పొరపాటు. 2018 జూలైలో సమోవా దేశంలో ఒకే రోజు ఇద్దరు పసిపిల్లలు తట్టు టీకా వేసిన నిమిషాల్లో చనిపోయారు. టీకా పొడిలో కలపాల్సిన నీటికి బదులు, ఆపరేషన్లలో కండరాలను సడలించడానికి వాడే మందు, అదీ గడువు దాటినది, కలిపారు. టీకాలో ఏ లోపమూ లేదు. కానీ అసలు కారణం జనానికి అర్థమయ్యేలోపే టీకా కార్యక్రమం ఆగింది, భయం పాకింది, మళ్లీ మొదలుపెట్టినా చాలామంది రాలేదు. 2019 చివర్లో తట్టు వచ్చింది. ఆ చిన్న దేశంలో 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు. ఇద్దరి మరణానికి కారణమేమిటో త్వరగా, దాపరికం లేకుండా, జనం భాషలో చెప్పగలగడం ఎంత అవసరమో ఆలోచించండి. సిస్టర్లూ, పొరపాటు జరిగితే దాచొద్దు. వాడిన సీసా, కలిపిన నీటి సీసా, సిరంజి పారేయొద్దు, చల్లదనం పోకుండా విడిగా భద్రపరచండి. పై అధికారులకు కూడా చెబుతున్నాను, నిజం చెప్పిన నర్సును శిక్షించడం మొదలుపెడితే ఆ తర్వాత మీకు ఎవరూ నిజం చెప్పరు.

ఇప్పుడు రిపోర్టు ఎలా రాయాలి? పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల వెబ్‌సైటు, కొన్నిచోట్ల ఫోన్ నంబరు, కొన్నిచోట్ల టీకా వేసిన కేంద్రంలోనే ఫారం. బ్రిటన్‌లో ఎల్లో కార్డు అని 1964 నుంచి నడుస్తోంది, థాలిడొమైడ్ అనే మందు వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టాక వచ్చిన ఏర్పాటు అది. చాలా దేశాల నుంచి వచ్చే రిపోర్టులు ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పనిచేసే, స్వీడన్‌లోని ఉప్సాలా నగరంలో ఉన్న కేంద్రంలో ఒక్కచోట చేరతాయి. మీరు ఒక ఆరోగ్య కేంద్రంలో రాసింది అక్కడి దాకా వెళ్లొచ్చు. అలాంటిదే ఇంకో దేశం నుంచి వస్తే రెండూ పక్కపక్కన కనబడతాయి.

రిపోర్టు పనికి రావాలంటే కనీసం నాలుగు ఉండాలి: ఎవరికి వచ్చింది, ఎవరు చెబుతున్నారు, ఏ టీకా, ఏమైంది. ఈ నాలుగుంటే పంపొచ్చు. మిగతావి తెలియవని ఆగొద్దు. కానీ నేను ఇంకొకటి అడుగుతాను, బతిమాలి అడుగుతాను. బ్యాచ్ నంబరు, అంటే ఆ టీకా ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు. టీకా కార్డు మీద ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కార్డు మీద రాయకపోతే రాయమని అడగండి. 1955లో అమెరికాలో పోలియో టీకా మొదలైన రెండు వారాల్లోనే కొందరు పిల్లలకు పక్షవాతం వచ్చింది, అదీ సూది వేసిన చేతిలోనే మొదలైంది. అందరికీ వేసింది కట్టర్ అనే కంపెనీ తయారుచేసిన టీకా అని గమనించారు. కొన్ని బ్యాచులలో వైరస్ పూర్తిగా చావలేదు. సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది, 10 మంది చనిపోయారు. ఎవరి టీకా, ఏ బ్యాచ్ అన్నది తెలిసింది కాబట్టి దాన్ని ఆపగలిగారు. కారణం అంతుపట్టకపోయి ఉంటే పోలియో టీకా మీదే నమ్మకం పోయేది.

తేదీలతో పాటు గంటలు కూడా రాయండి. "టీకా తర్వాత బాగోలేదు" అంటే నేను ఏమీ చేయలేను. "పొద్దున పదిన్నరకు వేశారు, సాయంత్రం ఆరుకు జ్వరం 102, మర్నాడు మధ్యాహ్నం ఒంటి మీద దద్దు" అంటే చాలా చేయగలను. దద్దుకు ఫొటో తీయండి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి తగ్గిపోవచ్చు. ముందునుంచి ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, అదే సమయంలో వేసిన వేరే టీకాలు రాయండి. చివరికి ఏమైందో, తగ్గిందా లేదా, అది కూడా. ఆస్పత్రిలో చేర్చినా, ప్రాణాపాయం కలిగినా, వైకల్యం మిగిలినా, మరణం సంభవించినా వాటిని తీవ్రమైనవిగా లెక్కిస్తారు. వాటి మీద విచారణ జరుగుతుంది. మామూలు జ్వరానికి విచారణ జరగదు, కానీ ఒకే బ్యాచుకు ఒకే చోట మామూలు కంటే ఎక్కువమందికి వస్తే అదీ మాకు తెలియాలి.

"చెబితే పట్టించుకోలేదు" అంటారా? ఇంకోచోట చెప్పండి. డాక్టరు రాయకపోతే, మీ దేశంలో వీలుంటే నేరుగా మీరే రాయండి. రిపోర్టు నంబరు అడిగి తీసుకోండి. నెలల తరబడి కోలుకోనివాళ్లు ప్రతిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని తీసుకెళ్లండి, మొదటి నుంచి చెప్పే శ్రమ తగ్గుతుంది. కొన్ని దేశాల్లో టీకా వల్ల నష్టపోయినవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టాలున్నాయి, జర్మనీలో 1961 నుంచి, బ్రిటన్‌లో 1979 నుంచి, అమెరికాలో 1988 నుంచి. ఎవరి తప్పో నిరూపించకుండానే పరిహారం వచ్చే ఏర్పాటు అన్నిచోట్లా ఉండాలని నా గట్టి అభిప్రాయం. అందరి మేలు కోసం చెయ్యి చాపి సూది వేయించుకున్న మనిషికి అరుదైన నష్టం జరిగితే, ఆ భారం ఆ ఒక్క ఇంటి మీద వదిలేయడం న్యాయం కాదు.

ప్రశ్నలు అడగండి... అక్కడ, పాపను ఎత్తుకున్న అమ్మ. చెప్పమ్మా. "మొదటి డోసుకు బాగా జ్వరం వచ్చింది, రిపోర్టు ఇచ్చాం. రెండోది వేయించాలా వద్దా?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. జ్వరం, వాపు, ఏడుపు, ఇవి రెండో డోసు ఆపడానికి కారణాలు కావు. జ్వరంతో ఫిట్స్ వచ్చినా చాలాసార్లు వేయించవచ్చు, డాక్టరుతో మాట్లాడి, జ్వరం వస్తే ఏం చేయాలో ముందే అనుకుని. అనాఫిలాక్సిస్ వస్తే మాత్రం ఆ టీకా మళ్లీ అలాగే వేయకూడదు. ఏ పదార్థం పడలేదో అలర్జీ డాక్టరు చూడాలి, వేరే రకం టీకా ఉందేమో చూడాలి. రోటావైరస్ తర్వాత పేగు దూరుకుపోయిన బిడ్డకు ఆ చుక్కలు మళ్లీ వేయరు. మీ పాపకు వచ్చింది ఎంత జ్వరం, ఎన్ని రోజులు? రెండు రోజులేనా? అయితే గడువుకు తీసుకెళ్లండి, కార్డు పట్టుకెళ్లండి, పోయినసారి ఇలా వచ్చిందని వేయకముందే నర్సుకు చెప్పండి. తర్వాత మీరు, కళ్లద్దాలు పెట్టుకున్నాయన, అడగండి.